పాఠశాల సంగీత నాటకంలో వంత: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పాఠశాలల్లో సంగీత నాటక ప్రదర్శన నేడు చాలావరకు వార్షికోత్సవ కార్యక్రమంగా మిగిలింది. ఒకరిద్దరు పిల్లలు ప్రధాన పాత్రలు ధరించడం, మిగిలినవారు వెనుక వరుసలో నిలబడడం, పాటలు రికార్డు నుంచి వినిపించడం దాని లక్షణాలయ్యాయి. ఈ స్థితికి వనరుల కొరత ఒక్కటే కారణం కాదని, తెలుగు రంగస్థలం పాఠశాలకు అందించిన నమూనాలోనే మరొక కారణం ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బుర్రకథలోని ‘వంత’ను విమర్శ పరికరంగా గ్రహించి రవీంద్రనాథ్ ఠాగూర్ ‘శారదోత్సవ్’ (1908), బ్రెహ్ట్, వైల్‌ల ‘డెర్ యాసాగర్’ (1930), పోతన భాగవతంలోని ప్రహ్లాద చరిత్ర అనే మూడు రచనలను పరిశీలిస్తుంది. బృందం కథను మోసే చోట, ప్రశ్నించే చోట మాత్రమే సంగీత నాటకం విద్య అవుతుందన్నది ఈ పరిశీలన సారాంశం.

కీలకపదాలు: పాఠశాల నాటకం, సంగీత నాటకం, వంత, బుర్రకథ, ప్రహ్లాద చరిత్ర, శారదోత్సవ్, యాసాగర్.

1. ప్రవేశిక

కొంతకాలం క్రితం ఒక పాఠశాల వార్షికోత్సవంలో ‘భక్త ప్రహ్లాద’ సంగీత నాటిక చూశాను. ప్రహ్లాదుడు, హిరణ్యకశిపుడు, లీలావతి, నరసింహస్వామి పాత్రలకు నలుగురు పిల్లలు. వెనుక వరుసలో ఒకే రంగు దుస్తుల్లో ఇరవైమందికి పైగా ఉన్నారు. పాటలన్నీ రికార్డు నుంచి వస్తున్నాయి. నాటిక ముగిశాక వెనుక వరుసలోని ఒక అమ్మాయిని నీ పాత్ర ఏమిటని అడిగాను. “పెదాలు కదపమన్నారండి” అన్నది. తనకు పాటలన్నీ వచ్చునని, అయితే గొంతు విప్పవద్దని చెప్పారని కూడా అన్నది.

ఆ అమ్మాయి మాటలో ఫిర్యాదు లేదు. పాఠశాల నాటకమంటే ఇంతేనన్న అంగీకారం ఉంది. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ అంగీకారమే. పాట వచ్చిన పిల్లకు పాడే చోటు లేని సంగీత నాటకాన్ని పాఠశాల ఎందుకు నిర్వహిస్తున్నది? శిక్షకుని అసమర్థత అనో, యాజమాన్యపు ఆడంబరం అనో దీనికి సమాధానం చెప్పుకోవడం సులభం. కానీ ఆ శిక్షకునికి అందుబాటులో ఉన్న నాటక నమూనా ఏది అన్న ప్రశ్న అంతకంటె ముఖ్యమైనది.

పాఠశాల నాటకంపై జరిగే చర్చ సాధారణంగా రెండు కొసల మధ్య తిరుగుతుంది. ప్రదర్శన ముఖ్యమని ఒక వాదం, ప్రదర్శనతో నిమిత్తం లేకుండా అభ్యాస ప్రక్రియే ముఖ్యమని మరొక వాదం. జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం-2005కు అనుబంధంగా కళలపై వెలువడిన పత్రం నుంచి జాతీయ విద్యావిధానం-2020లోని కళాసమ్మిళిత బోధన వరకు అధికారిక ఆలోచన రెండవ వైపు మొగ్గింది. ఆచరణ మాత్రం మొదటి వైపునే ఉండిపోయింది. ఈ రెంటి మధ్య నాటకం లోపలి నిర్మాణం చర్చకు రాకుండా పోయింది. ఒక నాటకంలో బృందానికి ఇచ్చిన పని ఏమిటన్నది నిర్మాణానికి సంబంధించిన ప్రశ్న. అదే ఇక్కడ పరిశీలనాంశం.

2. బడిలో పుట్టిన తెలుగు నాటకం

ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన ఒక ఉపాధ్యాయుని చేతుల మీదుగా, విద్యార్థులతో మొదలైంది. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమహేంద్రవరంలో విద్యార్థులను కూర్చి తమ ‘వ్యవహార ధర్మబోధిని’ని ప్రదర్శింపజేశారు. న్యాయస్థానాల చుట్టూ అల్లుకొన్న అవినీతిని ఎండగట్టిన ప్రహసనమది. విద్యార్థి రంగస్థలం మీదికి వచ్చిన తొలి సందర్భంలో అతని నోట సమకాలీన సమాజంపై విమర్శ పలికింది.

ఆ తరువాతి తరంలోనూ ఉపాధ్యాయుని పాత్ర కనిపిస్తుంది. టంగుటూరి ప్రకాశం బాల్యంలో ఒంగోలు ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు ప్రాపకంలో నాటకాలు ఆడారు, ఆయన వెంట రాజమహేంద్రవరం చేరారు. ఆ సాంగత్యం తన జీవితాన్ని మలచిన తీరును ప్రకాశం ‘నా జీవిత యాత్ర’లో వివరంగా చెప్పుకొన్నారు. ఇమ్మానేని సమాజం కోసమే చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రచించారు. పాఠశాల, నాటక సమాజం, నాటక రచన ఒకదానినొకటి పోషించుకొన్న కాలమది.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో నెలకొల్పిన ఒరవడితో నాటకంలో పాటకు, పద్యానికి ప్రాధాన్యం పెరిగింది. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్యహరిశ్చంద్రీయము’ ఆ ప్రాధాన్యాన్ని శిఖరానికి చేర్చాయి. పద్యం కంఠస్థం చేయడం, పదచ్ఛేదం తప్పకుండా పలకడం, రాగంలో భావాన్ని నిలపడం అనే మూడు సంస్కారాలను పద్యనాటకం తెలుగువారికి అలవరచింది. భాషాబోధకులుగా ఆ ఋణాన్ని మరచిపోరాదు. అయితే పద్యనాటకం నటుని కేంద్రంగా పెరిగింది. ప్రేక్షకుల ‘వన్స్ మోర్’ కథను ఆపి గాయకుణ్ణి నిలబెట్టింది. కృష్ణుడు రాగాలాపన చేస్తున్నంతసేపు వేదికపై ఉన్న మిగిలినవారికి పని లేదు.

పాఠశాల ఈ నమూనానే వారసత్వంగా పొందింది. పద్యం పోయి సినిమాపాట వచ్చినా, హార్మోనియం పోయి రికార్డు వచ్చినా నిర్మాణం మారలేదు. నేను చూసిన వార్షికోత్సవంలో వెనుక వరుస పిల్లలు నిలబడిన స్థలం పద్యనాటకంలో పని లేని పాత్రలు నిలబడిన స్థలమే.

3. వంత: పదం, ప్రక్రియ

తెలుగు ప్రదర్శన సంప్రదాయంలో దీనికి భిన్నమైన నమూనా కూడా ఉంది. బుర్రకథలో ముగ్గురు ఉంటారు. నడుమ తంబుర, అందెలతో కథకుడు, ఇరువైపులా గుమ్మెటలతో వంతలు. ఒకరు హాస్యం, మరొకరు రాజకీయం. కథకుని చరణానికి ఇద్దరూ పల్లవి అందుకొంటారు. అంతటితో వారి పని ముగియదు. హాస్యగాడు కథలోని గాంభీర్యాన్ని పక్కకు లాగి ప్రేక్షకుని ఊపిరి తీసుకోనిస్తాడు. రాజకీయ వంత కథను ఆపి, ఇది నేటి మాటేమిటని అడుగుతాడు, వ్యాఖ్యానిస్తాడు. 1940లలో ప్రజానాట్యమండలి బుర్రకథను చేపట్టినప్పుడు, షేక్ నాజర్ వంటి కళాకారులు దానిని ఊరూరా వినిపించినప్పుడు, ఈ ప్రశ్నించే వంతే ఆ ప్రక్రియకు సమకాలీన శక్తినిచ్చింది.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక విశేషాన్ని గమనించాలి. వ్యవహారంలో ‘వంత పాడడం’ అంటే ఆలోచన లేకుండా సమర్థించడం. ‘తాన అంటే తందాన’ అనడమూ అదే అర్థంలో స్థిరపడింది. ప్రక్రియలో ప్రశ్నించే గొంతుగా ఉన్నది, నానుడిలో ప్రశ్నించని గొంతుగా మారింది. బృందాన్ని మనం ఎలా చూస్తున్నామో ఈ అర్థ పరిణామం చెబుతుంది. పాఠశాల రంగస్థలంపై నానుడిలోని వంత మాత్రమే కనిపిస్తున్నది. ప్రక్రియలోని వంత కనిపించడం లేదు.

ఈ వ్యాసంలో ‘వంత’ అన్న పదాన్ని మూడు లక్షణాలు గల బృందం అన్న అర్థంలో వాడుతున్నాను. ఒకటి, అది తన గొంతుతో పాడుతుంది. రెండు, అది లేకపోతే కథ ముందుకు సాగదు. మూడు, అది కథను ప్రశ్నించగలదు. ఈ మూడింటినీ ప్రమాణాలుగా తీసుకొని, పిల్లల కోసం రచించిన రెండు అన్యభాషా సంగీత నాటకాలను మొదట పరిశీలించి, ఆ వెలుగులో ప్రహ్లాద చరిత్రను తిరిగి చదవడం తరువాతి భాగాల ఉద్దేశం.

4. ‘శారదోత్సవ్’: పనిలో పాలుపంచుకొనే బృందం

శాంతినికేతన్‌లో ఠాగూర్ 1901లో పాఠశాల ప్రారంభించారు. అక్కడి బాలుర కోసం 1908లో ‘శారదోత్సవ్’ రచించారు. అప్పటి పాఠశాల అవసరాన్ని బట్టి అందులో స్త్రీ పాత్రలు లేవు. ఉన్న విద్యార్థులను బట్టి నాటకం రాయడం, నాటకాన్ని బట్టి విద్యార్థులను ఏరుకోవడం అనే రెండు పద్ధతుల్లో ఆయన మొదటిదాన్ని ఎంచుకొన్నారన్నది గమనార్హం.

కథ స్వల్పం. శరదృతువు సెలవులకు పిల్లలు నదీతీరానికి ఆటపాటలతో వస్తారు. ఉపనందుడనే బాలుడు మాత్రం ఆటకు రాడు. మరణించిన తన గురువు లోభి అయిన లక్షేశ్వరునికి బాకీ పడ్డాడు. ఆ ఋణం తీర్చడానికి ఉపనందుడు చెట్టునీడన కూర్చుని తాళపత్రాలకు నకలు రాస్తుంటాడు. సన్యాసి వేషంలో ఉన్న రాజు అతనిలోనే పండుగ సారాన్ని గుర్తిస్తాడు. అతనితో కలిసి రాయడానికి సిద్ధపడతాడు. పిల్లలూ ఆ పనిలో చేయి వేయడానికి ముందుకు వస్తారు.

ఈ నాటకంలో పాట ఎక్కువగా బృందానిది. అందులోని శిల్పం అంతకంటె లోతైనది. ఒంటరిగా ఉన్న ప్రధాన పాత్రకూ ఆడుకొంటున్న బృందానికీ మధ్య ఉన్న దూరమే నాటకీయత. ఆ దూరం తగ్గడమే కథాగమనం. బృందాన్ని తొలగిస్తే ఉపనందుని శ్రమ ఒక నీతికథగా మిగులుతుంది, బృందం ఉంటేనే అది ఉత్సవమవుతుంది. మన మూడు ప్రమాణాల్లో మొదటి రెండింటిని ‘శారదోత్సవ్’ సంపూర్ణంగా నెరవేరుస్తుంది. మూడవది ఇందులో బలహీనం. పిల్లలు ఉపనందుని బాకీని పంచుకొంటారు గాని, చనిపోయిన గురువు ఋణం పసివాడు ఎందుకు తీర్చాలని అడగరు. త్యాగం సుందరమైనది గనుక ప్రశ్నకు తావు లేకపోయింది.

5. ‘డెర్ యాసాగర్’: పిల్లలు మార్చిన నాటకం

ఆ ప్రశ్న వేరొక దేశంలో, వేరొక నాటకం విషయంలో పిల్లల నోటి నుంచే వచ్చింది. బెర్టోల్ట్ బ్రెహ్ట్ రచించి, కుర్ట్ వైల్ సంగీతం కూర్చిన ‘డెర్ యాసాగర్’ 1930 జూన్ 23న బెర్లిన్‌లో తొలిసారి ప్రదర్శితమైంది. ‘పాఠశాల ఒపేరా’ అని దానికి పేరుపెట్టారు. జపనీయ నో నాటకం ‘తనికో’కు ఆర్థర్ వేలీ చేసిన ఆంగ్లానువాదం, దానికి ఎలిజబెత్ హౌప్ట్‌మన్ జర్మన్ రూపం ఈ రచనకు ఆధారాలు. గానం, వాద్యం రెండూ విద్యార్థులవే కావాలన్నది రూపకల్పనలోని నియమం. ప్రదర్శన కంటె అభ్యాసమే విలువైనదని వైల్ భావించారు.

తల్లి జబ్బుకు మందు తేవడానికి ఒక బాలుడు గురువు వెంట కొండదారిన బయలుదేరతాడు. దారిలో తానే జబ్బు పడతాడు. అలా ఆగిపోయినవాణ్ణి లోయలోకి తోసి మిగిలినవారు ముందుకు సాగాలన్నది ఆచారం. అయితే అతని సమ్మతి అడగాలి. అతడు సరేనంటాడు. ‘యాసాగర్’ అంటే అవునన్నవాడు. మన నానుడిలో చెప్పాలంటే తందాన అన్నవాడు.

బెర్లిన్ నోయ్‌కోల్న్‌లోని కార్ల్ మార్క్స్ పాఠశాల విద్యార్థులతో ఈ నాటకంపై చర్చ జరిగింది. బాలుడు చావుకు ఎందుకు ఒప్పుకోవాలన్న అభ్యంతరం వారి నుంచి వచ్చింది. బ్రెహ్ట్ ఆ అభ్యంతరాలను పట్టించుకొన్నారు. ‘యాసాగర్’ను సవరించి, ఊరంతా వ్యాధి బారిన పడిందన్న బలమైన కారణాన్ని ప్రయాణానికి కల్పించారు. దాని పక్కనే ‘డెర్ నైన్‌సాగర్’, అంటే కాదన్నవాడు, అనే జంట నాటకం రాశారు. అందులో బాలుడు పాత ఆచారాన్ని నిరాకరిస్తాడు, ప్రతి కొత్త పరిస్థితిలోనూ కొత్తగా ఆలోచించే ఆచారం కావాలంటాడు.

ఈ ఉదంతం నుంచి రెండు విషయాలు గ్రహించాలి. మొదటిది, బృందం ఉన్నంతమాత్రాన నాటకం ప్రజాస్వామికం కాదు. ‘యాసాగర్’లో బృందగానం బలంగా ఉంది, బాలుణ్ణి లోయలోకి పంపే ఆచారం గొంతు కూడా అదే. కలిసి పాడడం సుఖమైన అనుభవం గనుక, ఆ సుఖంలో ఏమి పాడుతున్నామన్న స్పృహ కరిగిపోవచ్చు. రెండవది, ఆ ప్రమాదానికి విరుగుడు పాఠం బయట దొరికింది. నటించవలసిన పిల్లలు చదివి, కాదన్నారు, రచయిత తిరిగి రాశారు. పాఠశాల నాటకానికి ‘తుదిప్రతి’ ఉండరాదన్న సూత్రం ఇక్కడ సిద్ధిస్తున్నది.

6. ప్రహ్లాద చరిత్ర: మరచిపోయిన సహాధ్యాయులు

తెలుగులో కాదన్న బాలుడు కొత్తవాడు కాడు. తండ్రినీ, గురువులనూ కాదన్న ప్రహ్లాదుని కథకు మనకు సుదీర్ఘమైన సంగీత నాటక పరంపర ఉంది. త్యాగరాజస్వామి ‘ప్రహ్లాద భక్తి విజయము’ గేయనాటకం, తంజావూరు ప్రాంతంలోని మేలట్టూరు భాగవత మేళంలో వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు ప్రహ్లాద నాటకం, 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ ఆ పరంపరలోనివే. పాఠశాలలు ఈ కథను ఎంచుకోవడం సహజం. ప్రధాన పాత్ర బాలుడు, రంగం బడి.

అయినా నేను చూసిన పాఠశాల ప్రదర్శనల్లో బడి దృశ్యం చండామార్కుల హాస్యంతో ముగిసిపోయింది. హిరణ్యకశిపుని పాత్రధారి ఎస్.వి. రంగారావును అనుకరించడం, స్తంభం చీలడం, నరసింహుడు వెలువడడం ప్రధానాకర్షణలయ్యాయి. కాదన్న బాలుడు దేవునికి మాత్రం తందాన అన్నవాడిగా మారాడు.

పోతన భాగవతం సప్తమ స్కంధంలోని క్రమం వేరు. ఏనుగులు, పాములు, విషం, సముద్రం వంటి హింసలు ముగిశాక ప్రహ్లాదుడు మళ్ళీ బడికే వస్తాడు. గురువులు ఇంటిపనులపై వెళ్ళిన సమయంలో దైత్యబాలకులు అతణ్ణి ఆటకు పిలుస్తారు. అతడు వారిని కూర్చోబెట్టి తాను తెలుసుకొన్నది చెబుతాడు. వారు వింటారు, నీకిది ఎలా తెలిసిందని అడుగుతారు. నారదుని మాట అప్పుడు చెబుతాడు. చివరికి వారు గురువులు చెప్పిన చదువును విడిచి ప్రహ్లాదుని మాట గ్రహిస్తారు. మిగిలిన పిల్లలూ ఈ దారి పట్టారని భయపడిన గురువులు రాజుకు విన్నవిస్తారు. హిరణ్యకశిపుడు తానే స్వయంగా చంపడానికి పూనుకొనేది ఆ తరువాతనే.

అంటే స్తంభం చీలడానికి తక్షణ కారణం సహాధ్యాయులు. ఒక్క కొడుకు ఎదురుతిరిగినంతసేపు అది ఇంటి సమస్య, తరగతి అంతా మాట మార్చినప్పుడు అది రాజ్యసమస్య. ఈ దృశ్యంలో ప్రశ్న వేసేది బృందం, కథను మలుపు తిప్పేది బృందం. వంతకు చెప్పుకొన్న లక్షణాల్లో రెండవది, మూడవది ఇక్కడ మూలంలోనే ఉన్నాయి. మొదటిది, అంటే పాటను, సమకూర్చవలసింది ప్రదర్శకులే. ఈ దృశ్యాన్ని సంగ్రహంలో వదిలివేయడం సమయాభావం వల్ల జరిగే మామూలు కోతగా కనిపించవచ్చు. నిజానికి అది కథకు వెన్నెముకను తీసివేయడమే. వెనుక వరుసలో పెదాలు కదిపిన ఆ ఇరవైమందికి పోతన మాటలు ఇచ్చారు, నాటిక వాటిని తీసివేసింది.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. పోతన దృష్టి భక్తి, సహాధ్యాయుల ప్రశ్న కూడా భక్తిబోధకు నిమిత్తమేనని. నిజమే. వారి ప్రశ్న నైన్‌సాగర్ ప్రశ్న వంటిది కాదు. అయితే పాఠశాల రంగస్థలంపై ఆ ప్రశ్న నిలిస్తే, నేటి పిల్లలు తమ ప్రశ్నలను దాని పక్కన చేర్చడానికి చోటు ఏర్పడుతుంది. ఆ చోటును రాజకీయ వంత శిల్పం సమర్థంగా వాడుకోగలదు.

7. నిర్వహణకు సంబంధించిన అంశాలు

ఈ పరిశీలన ఆచరణలో ఏమి కోరుతుంది? మొదటిది శ్రుతి. రికార్డులోని పాట పెద్దల గాత్రానికి, వృత్తిగాయకుల పరిధికి కుదిరినది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో మగపిల్లల గొంతు మారుతుంటుంది. వారికి పాడడం రాదని తేల్చే ముందు వారి స్థాయిలో పాట కట్టారా అని చూడాలి. నాలుగైదు స్వరాల లోపల తిరిగే జానపద బాణీలు, చరణం ఒకరు పల్లవి అందరూ అన్న పద్ధతి ఈ ఇబ్బందిని చాలావరకు తొలగిస్తాయి. పాడలేని పిల్ల తాళం వేయగలదు, వచనం చెప్పగలదు. పెదాలు కదపడం మాత్రం ఏ పాత్రా కాదు.

రెండవది పాత్రల పంపిణీ. నలభైమంది ఉన్న తరగతిలో ప్రహ్లాదుడు ఒక్కడే కానక్కరలేదు. ఒక్కొక్క ఘట్టంలో ఒక్కొక్కరు ఉత్తరీయం మార్చుకొని ఆ పాత్ర ధరించవచ్చు. రూపాన్ని బట్టి, రంగును బట్టి, కులాన్ని బట్టి దేవుళ్ళనూ రాక్షసులనూ ఏరుకొనే అలవాటు దీనితో సడలుతుంది. బాలికలకు తల్లి పాత్రే గతి అన్న పరిమితీ తొలగుతుంది. ప్రతిభ గల పిల్లకు అన్యాయం జరుగుతుందన్న వాదాన్ని తేలికగా తీసివేయరాదు. అటువంటి పిల్లకు కథకుని స్థానం ఉంది. బుర్రకథ కథకుడు వంతల ప్రశ్నకు జవాబు చెప్పగలిగినప్పుడే రాణిస్తాడు. అది ఒంటరి పద్యం పాడడం కంటె కఠినమైన శిక్షణ.

మూడవది రేడియో తరం నుంచి నేర్వదగినది. 1940లో ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, అంటే మన రేడియో అన్నయ్య, అక్కయ్య, ఆకాశవాణి ద్వారా పిల్లల గొంతును తెలుగు ఇళ్ళకు చేర్చారు. రేడియోలో దుస్తులు లేవు, వెనుక వరుస లేదు, పెదాలు కదిపే అవకాశమే లేదు. ఖర్చుతో కూడిన అలంకరణ లేకుండా, ఉదయపు ప్రార్థన సమావేశంలోనో తరగతి గదిలోనో పదిహేను నిమిషాల గేయనాటిక నడపవచ్చునన్నదానికి ఆ అనుభవం ఆధారం.

నాలుగవది పోటీల ప్రభావం. 2015 నుంచి జరుగుతున్న కళా ఉత్సవ్ వంటి వేదికలు పల్లె పిల్లలకు జాతీయ స్థాయిని చూపాయి. ఆ మేలును కాదనలేము. కాని బడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి సాగే ఎంపిక ప్రతి మెట్టులోనూ కొందరిని వదిలిపెడుతుంది. పోటీకి వెళ్ళే జట్టును సంవత్సరాంతంలో ఎన్నుకోవడం, అంతవరకు తరగతి అంతా ఆ నాటకాన్ని ఆడడం అన్న క్రమాన్ని పాఠశాలలు పాటించగలవు. ప్రస్తుతం ఈ క్రమం తలకిందులుగా ఉన్నది.

చివరిది పాఠానికి సంబంధించినది. అభ్యాసంలో ఒక రోజును పిల్లల అభ్యంతరాలకు కేటాయించాలి. ఏ పాత్ర చేసిన పని మీకు నచ్చలేదు, ఏ మాట మీరు అనలేరు అని అడిగి, వారి సమాధానాలను వంతల సంభాషణగా నాటకంలో చేర్చాలి. ఇందుకు డబ్బు అక్కరలేదు, తెలుగు ఉపాధ్యాయుని కలం చాలు.

8. ముగింపు

1. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శన విద్యార్థులతో, విమర్శనాత్మకమైన ఇతివృత్తంతో ప్రారంభమైనా, పాఠశాల రంగస్థలం తరువాత నటకేంద్రమైన పద్యనాటక నిర్మాణాన్ని అనుసరించింది.

2. బుర్రకథలోని వంత బృందానికి గానం, కథాగమనం, ప్రశ్న అనే మూడు పనులను అప్పగిస్తుంది. నానుడిలో ఈ పదానికి కలిగిన హీనార్థం ప్రక్రియ స్వభావానికి విరుద్ధం.

3. ‘శారదోత్సవ్’ బృందానికి గానాన్నీ శ్రమలో భాగాన్నీ ఇచ్చింది. ‘యాసాగర్’ ఉదంతం బృందగానంలోని ప్రమాదాన్ని, విద్యార్థుల ప్రశ్నతో దానిని సరిదిద్దే మార్గాన్ని చూపింది.

4. పోతన ప్రహ్లాద చరిత్రలో కథను పరాకాష్ఠకు నడిపేది సహాధ్యాయుల బృందం. పాఠశాల నాటికల్లో దీనిని తిరిగి ప్రతిష్ఠించడం మూలానికి న్యాయం చేయడమే.

5. శ్రుతి నిర్ణయం, పాత్రల మార్పిడి, నిరాడంబర ప్రదర్శన, పిల్లల అభ్యంతరాలతో పాఠాన్ని సవరించడం అన్నవి అదనపు వ్యయం లేకుండా సాధ్యమయ్యే నిర్వహణ పద్ధతులు.

పాటలన్నీ వచ్చిన ఆ అమ్మాయి మరుసటి ఏడాది ఆ బడిలో ఏ వరుసలో నిలబడిందో తెలియదు. ఆమె దైత్యబాలికగా ముందుకు వచ్చి ప్రహ్లాదుణ్ణి ఒక ప్రశ్న అడగగలిగితే, ఆ ప్రశ్నను తరగతి అంతా పల్లవిగా అందుకొంటే, అది సంగీత నాటకమూ అవుతుంది, చదువూ అవుతుంది.